మోపెడ్ మీద కాదు, హెలికాప్టర్‌లో

నవ్వింది చాలు. ముందా నవ్వు ఆపి నా మాట విను. టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఎవడో కోతలు కోస్తుంటే "ఇంకా చెప్పు బాబాయ్, ఇంకా చెప్పు" అని ఎగదోస్తావే, ఆ పాపంలో నీకూ వాటా ఉంది. వినేవాడు లేనిచోట కోతలు కోసే మనిషిని నేనింతవరకు చూడలేదు. దానయ్య సంగతి మొత్తం విను. విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వు.

అద్దంకి రోడ్డులో మా ఊరి చివర, మిరప కళ్ళాల పక్కన శాంతి టీ కొట్టు పెట్టుకుంది. కాయలు ఎండబోసే రోజుల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళు మధ్యాహ్నం టీకి అక్కడికే వచ్చి, వేపచెట్టు నీడన చాప మీద కూర్చుంటారు. ఘాటుకి తట్టుకోవాలి కాబట్టి ముక్కూ నోరూ కప్పి తువ్వాళ్ళో చున్నీలో చుట్టుకుంటారు. కళ్ళు తప్ప ఎవరి మొహమూ కనపడదు. కూలీలని కూడగట్టి తెచ్చే పున్నమ్మ ముఠాలో పక్క ఊళ్ళవాళ్ళు కూడా ఉంటారు గనక కొత్త కళ్ళు కనిపించినా ఎవరూ ఆరా తీయరు.

ఆ రోజు చాప చివర కూర్చున్న కొత్త మనిషి శాంతి చెల్లెలు జయకుమారి. ఆ పేరు నీకు తెలియకపోవచ్చు. జయమిత్ర అంటే తెలుస్తుంది. ఏడున్నర సీరియల్లో పెద్దకోడలు. హైదరాబాదు వెళ్ళిన కొత్తలో పెళ్ళి సీన్ల గుంపులో నిలబడింది, పనిమనిషి వేషాలు వేసింది. మొదటి సినిమాలో మాటలున్న వేషం దొరికిందని ఊరంతా ఆటోలు కట్టుకుని అద్దంకి వెళ్తే, ఆ ముక్క కాస్తా కత్తిరించేశారు. అలా ఏళ్ళు గడిచాక ఈ సీరియల్ వచ్చింది, దాని వెనకాలే సినిమాల్లో వదిన వేషాలు, అక్క వేషాలు వచ్చాయి.

తెల్లవారుతూనే ఎవరికీ తెలియకుండా అక్క ఇంటికి వచ్చింది జయ. ఆదివారం టీవీలో ఒక కార్యక్రమం ఉంది. మొదట్లో తమకి చెయ్యందించిన ఒక మనిషిని నటులు వెంట తీసుకొచ్చి పక్క కుర్చీలో కూర్చోబెట్టుకోవాలి. జయ తీసుకెళ్దామనుకున్నది దానయ్యని.

ఎందుకంటే, ఆమె ఇల్లు విడిచిన రోజున ఊళ్ళో ఎవరూ గడప దాటలేదు. సినిమాలు పాపమని, పిల్లని సాగనంపినవాళ్ళకి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో చేయి ఉండదని సంఘపెద్దలు గట్టిగా చెప్పారు. తల్లి హెలెనమ్మ చేతులు పట్టుకుని ఏడిస్తే, దానయ్య ఒక్కడే తన పాత మోపెడ్ బయటికి తీశాడు. దారిలో చైను ఊడితే రోడ్డు మీద చతికిలబడి ఎక్కించాడు. చీరాల స్టేషన్లో గ్రీజు చేతులతో రైలు కదిలేదాకా కిటికీ పక్కన నిలబడ్డాడు. అందుకు సంఘపెద్దలు, కారణం బయటికి చెప్పకుండానే, ఆయన్ని చాలాకాలం బల్లకు దూరం చేసి చర్చిలో వెనక వరసలో కూర్చోబెట్టారు. హెలెనమ్మ చనిపోయేదాకా ప్రార్థనలో ఆయన పేరు తలుచుకునేది.

"నేనే వెళ్ళి పిలుస్తానక్కా" అంది జయ.

"ఉండవే. ఆయన అప్పటి మనిషి కాదు. నీ పేరు మీద కోతలు కోయందే ఆయనకి పూట గడవదు. కెమెరా ముందు ఏం వాగుతాడో ఏమో!"

"అయితే ముందు వింటా. ఆ మోపెడ్ మాట ఒక్కటి ఆయన నోట వస్తే చాలు. మిగతావి ఎన్ని చెప్పుకున్నా నవ్వుకుని తీసుకెళ్తా."

అదీ సంగతి. అందుకే ఆ మధ్యాహ్నం టీ గిన్నె ముందు నిలబడిన శాంతి చెవులు రెండూ బల్ల వైపే ఉన్నాయి. బల్ల మీద దానయ్య, ఆయన పక్కన సంఘపెద్ద అంకయ్య, ఎదురుగా ఆటో ప్రకాష్. టీ తాగకుండా గ్లాసు పట్టుకుని చాప మీద జయ.

"నిన్న సీరియల్ చూశావా బాబాయ్? పెద్దకోడలు భలే ఏడ్చింది" అని నిప్పు అంటించాడు ప్రకాష్.

దానయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏడవదా మరి? నేర్పిందెవరు? చిన్నప్పుడు క్రిస్మస్ నాటికలో దేవదూత వేషం వేసి, గొల్లల్ని చూసి బిక్కచచ్చిపోయి మాట మర్చిపోతే, తెర వెనక నుంచి మాట అందించింది నేనే కదా."

మొదలైన చోటు బాగానే ఉందని శాంతి కాస్త ఊపిరి పీల్చుకుంది. చిన్న కోతే. దీనికి చెల్లెలు ఏమీ అనుకోదు.

"తెర వెనకా?" అంది పున్నమ్మ చాప మీంచి. "నువ్వు ఒంటె వెనక కాళ్ళు కదరా! గోనెపట్టాలో దూరి వంగుని తిరిగావు. నీకు దూతా కనపడలా, గొల్లలూ కనపడలా."

"ఓసి పిచ్చిదానా, ముందు కాళ్ళు ఊరికే అందానికి. ఒంటెని నడిపేది వెనక కాళ్ళే. అలాగే నాటికని నడిపిందీ నేనే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ కళ్ళంలోనే కూర్చోబెట్టి ఏడుపు నేర్పా. మిగతావాళ్ళు కళ్ళల్లో ఏదో మందు పోసుకుంటారు. మా జయకి అక్కర్లేదు. మిరపకాయని తలుచుకుంటే చాలు. మొదటిరోజు షూటింగులో 'ఏడవమ్మా' అన్నాడు డైరెక్టరు. ఏడ్చింది. సెట్టులో మోకాలి లోతు నీళ్ళు! సోఫాలు తేలిపోయాయి. అత్తగారి వేషం వేసినావిడకి ఈత రాదు. కెమెరా వాడు డైనింగ్ టేబుల్ ఎక్కి నా పేరు పెట్టి కేకలు. ఇక్కడినుంచి నేను మా పొలం మోటారు లారీలో పంపిస్తే గానీ ఆ నీళ్ళు తోడలేకపోయారు."

"మోటారు ఎంత పవరు బాబాయ్?"

"అడగాల్సిన మాటేనా అది? ఆ నీళ్ళతో హైదరాబాదులో వాళ్ళు రెండు పంటల వరి పండించుకున్నారు!"

బల్ల మీదవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. శాంతి చాప వైపు చూసింది. చున్నీ పైనున్న కళ్ళు కూడా నవ్వుతున్నాయి. ప్రభువా, ఇక్కడితో ఆగితే బాగుండు. మోపెడ్ దాకా వస్తే బాగుండు. ఆ ఆలోచనలో పాలు పొంగి పొయ్యి మీద పడినా చూసుకోలేదు.

"ఆ గొంతు విన్నావా, ఆ గొంతు?" దానయ్య లేచి నిలబడ్డాడు. "గంట కొట్టినట్టు ఉంటుంది. కళ్ళంలో గుట్టకి ఆ పక్కన తనని నిలబెట్టి, ఈ పక్కన నేను నిలబడి పెంచిన గొంతది. వందమందిలో దాక్కుని ఉన్నా సరే, ఒక్క తుమ్ము తుమ్మితే 'అదిగో మా జయ' అని పట్టేస్తా."

సరిగ్గా అప్పుడే చాప చివర ఎవరో తుమ్మారు. దానయ్య వెనక్కి కూడా చూడలేదు.

"కళ్ళంలో తుమ్ములు మామూలే. ఊరు విడిచిన రోజు సంగతి చెప్పనా?"

"చెప్పు బాబాయ్, చెప్పు" అన్నాడు ప్రకాష్. శాంతి గరిటె కింద పెట్టేసింది.

"ప్రొడ్యూసరు నాకు ఫోన్ చేశాడు. 'దానయ్య గారూ, పిల్లని పంపండి' అన్నాడు. 'రైల్లో పంపను' అన్నా. 'పోనీ కారు?' 'మా ఊరి దుమ్ముకి మొహం నల్లబడుతుంది' అన్నా. పాపం, హెలికాప్టర్ పంపాడు! ఇదిగో, ఈ కళ్ళంలోనే దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రెక్కల గాలికి కాయలన్నీ లేచి, వాటంతట అవే తొడిమలు ఊడి, కాయలు ఒక గుట్ట, తొడిమలు ఒక గుట్ట! ఆ ఘాటు గాలికి పోయి ఎక్కడో ఉన్న పెదకాకాని గుడి దగ్గర భక్తులు తుమ్మడం మొదలుపెడితే, పూజారికి మంత్రం అందలేదు!"

"మరి హెలెనమ్మ ఊరుకుందా?" అన్నాడు అంకయ్య.

"ఎక్కడ ఊరుకుంది! రాక్షసి. గడపకడ్డం పడుకుంది. పిల్ల పెట్టె తీసి బావిలో పారేసింది. కర్ర పట్టుకుని వెంటపడితే నేను అడ్డం నిలబడి ఆ దెబ్బలన్నీ నా వీపున కాశా."

నవ్వు మళ్ళీ లేచింది. శాంతి మాత్రం చాప వైపు చూడలేకపోయింది. జయ ఊరు విడిచిన తెల్లవారుజామున తల్లి కట్టిచ్చిన పెరుగన్నం మూట ఆమె కళ్ళ ముందు కదిలింది. చచ్చిపోయిన మనిషి వచ్చి కాదని చెప్పదు కదా అన్న ధైర్యం కాబోలు ఈయనకి.

అప్పుడు చాప చివరి నుంచి ఒక గొంతు వినపడింది. "బాబాయ్, ఎవరో మోపెడ్ మీద చీరాల తీసుకెళ్ళి రైలెక్కించారని విన్నానే?"

దానయ్య బొటనవేలితో అరచేయి రుద్దుకున్నాడు, ఇంకా గ్రీజు అంటుకుని ఉన్నట్టు. ఓరగా అంకయ్య వైపు చూశాడు. అవునంటే, వెనక వరసలో తలొంచుకుని కూర్చున్న ఆ రోజులన్నీ ఈ బల్ల మీదికి వస్తాయి. చైను ఊడిన మోపెడ్ మనిషి, హెలికాప్టర్ దింపిన మనిషి ఒకడే ఎలా అవుతాడు?

శాంతి మనసులోనే అనుకుంది: చెప్పు బాబాయ్. ఒక్క మాట. నీకు పుణ్యముంటుంది, చెప్పు.

"మోపెడా?" అని పెద్దగా నవ్వాడు దానయ్య. "ఎవడో పనీపాటా లేనోడు పుట్టించి ఉంటాడమ్మా. మా జయకి మోపెడ్ ఎక్కే ఖర్మేంటి? అసలు నాకు మోపెడే లేదు."

"మరి నీ పెరట్లో కోళ్ళు పడుకునేదేంటి బాబాయ్?" అన్నాడు ప్రకాష్.

"అది కోళ్ళ కోసమే కొన్నాన్రా!"

బల్ల విరిగేటట్టు నవ్వారు. ఆ నవ్వులోనే చాప చివరి మనిషి లేచి వచ్చి, చల్లారి మీగడ కట్టిన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మొహానికి చుట్టిన చున్నీ విప్పింది.

నవ్వు ఒక్కో నోటి దగ్గరా ఆగిపోయింది. ప్రకాష్ లేచి నిలబడ్డాడు.

"వందనాలు బాబాయ్" అంది జయ. "సీరియల్లో నువ్వు పెంచానన్న గొంతు నాది కాదు. నాకు వేరే అమ్మాయి మాట చెబుతుంది. నా గొంతు ఇదే. ఇందాక తుమ్మింది కూడా నేనే."

"అమ్మా జయా... నువ్వా..."

"మా అమ్మ పెట్టె బావిలో పారేయలేదు. నీ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ మోపెడ్ మనిషిని ఆదివారం నా పక్కన కూర్చోబెట్టుకుందామని వచ్చాను. కారు అద్దంకిలో ఉంది. నువ్వు కాదన్నావుగా. ఆయనెవరో తెలిస్తే అక్కకి చెప్పు."

"నేనేనమ్మా! ఆ మనిషిని నేనే!"

"అడిగినప్పుడు చెప్పి ఉంటే ఎంత బాగుండేది బాబాయ్" అంది జయ. ఆ గొంతులో కోపం లేదు. అందుకే శాంతికి ఎక్కువ భయమేసింది. చెల్లెలు మళ్ళీ చున్నీ చుట్టుకుని, వెనక్కి చూడకుండా రోడ్డెక్కింది.

ఆదివారం సాయంత్రం శాంతి కొట్టులో టీవీ ముందు ఊరు ఊరంతా ఉంది. దానయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎందుకో తెలియదు, ముందు వరసలో కూర్చున్నాడు. జయ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరికోసమని కార్యక్రమం నడిపే ఆవిడ అడిగింది.

"నన్ను మోపెడ్ మీద రైలు దగ్గరికి చేర్చిన మనిషి కోసం" అంది. "ఆయనెవరో నాకు తెలుసు. ఆయన కాదంటున్నాడు. అందుకని పేరు చెప్పను."

"నేనేరా అది!" దానయ్య లేచి అరిచాడు. "చైను ఊడిపోయింది కూడా. నా చేతులతో ఎక్కించా!"

"హెలికాప్టర్‌కి చైనెక్కడుంటుంది బాబాయ్!" అన్నాడు ప్రకాష్. కొట్టంతా గొల్లుమంది.

"బైబిలు మీద ప్రమాణం! అంకయ్యా, నువ్వు చెప్పు. మీరే కదా నన్ను బల్లకు దూరం చేసింది!"

ఆ మాట ఒప్పుకుంటే ఆనాటి తీర్పుకి తనూ జవాబు చెప్పాలి. అంకయ్య టీవీ మీంచి చూపు తిప్పలేదు. శాంతికి ఒళ్ళు మండింది. "నిజమేనయ్యా, ఆయనే తీసుకెళ్ళాడు. మా అమ్మ పంపింది" అంది గట్టిగా.

"అయ్యో శాంతక్కా, నీకూ అంటించాడా?" అని ఇంకా నవ్వారు.

దానయ్య ఇప్పుడు హెలికాప్టర్ ఊసెత్తడు. కోళ్ళని తరిమేసి, మోపెడ్ తుడిచి, రోజూ తోసుకుంటూ తెచ్చి కొట్టు ముందు నిలబెడతాడు. ఎవరైనా బల్ల మీద కూర్చుంటే చైను ఊడిన చోటు నుంచి మొదలుపెట్టి, ఒక్క ముక్క కలపకుండా, ఉన్నదున్నట్టు చెబుతాడు. వినేవాళ్ళు సగంలో లేచిపోతారు. బతుకులో చేసిన ఒకే ఒక్క మంచి పనిని తన నోటితో కాదన్నందుకు ఆయన కట్టిన మూల్యం ఇది: ఆ పని చేశాడని ఇప్పుడు శాంతి తప్ప ఊళ్ళో ఒక్కరూ ఒప్పుకోరు.