‘తిన్నావా’కి వచ్చిన జవాబు

బొంగరం, అమ్మనే. కూర్చునే రాస్తున్నాను, కంగారుపడకు.

ఈ మాట వాంగ్మూలంలో ఉండకూడదని స్టేషన్ రైటరుగారు అన్నారు. ఉండనివ్వండి బాబూ అని బతిమాలాను. మిగతాదంతా ఆయన చెప్పిన పద్ధతిలోనే నా చేత్తో రాస్తున్నాను.

నా పేరు పై కాగితంలో ఉంది. వయసు యాభై ఒకటి. లాండ్రీ కొట్లో రోజంతా నిలబడి ఇస్త్రీ చేస్తాను. చదువు మూడో తరగతి. బొంగరం నా కూతురు. చిన్నప్పుడు ఒక్కచోట నిలబడేది కాదు, అందుకని ఆ పేరు. స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేసేది. మూడు నెలల కిందట మధ్యాహ్నం రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయింది. ఆ రోజు అన్నం డబ్బా ఇంట్లోనే మరిచిపోయింది.

వాళ్ళ సెంటర్లో ఫోన్లు దగ్గర ఉంచుకోనివ్వరు. పనిలోకి వెళ్ళగానే సొరుగులో పెట్టేయాలి. అందుకని నాకు మెయిల్ పెట్టడం నేర్పింది. "నువ్వేం కొట్టక్కర్లేదమ్మా, నోటితో చెప్పు, ఫోనే రాసుకుంటుంది. ఇక్కడ నా తెర మీద కనబడుతుంది" అంది. రోజూ మధ్యాహ్నం నేను ఒకే మాట పంపేదాన్ని. తిన్నావా? తిన్నా అని కొట్టేది. ఒక్కోసారి "తినకపోతే కొడతావా?" అని కొట్టేది. అది పోయిన రోజు కూడా పంపాను. తిన్నావా? జవాబు రాలేదు.

ఆ రోజు దాని కడుపులో ఏమన్నా పడిందా లేదా అన్నది నాకు తెలియలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొచ్చేది.

పోయిన సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి కొట్లో తెల్ల దుప్పటి ఇస్త్రీ చేస్తున్నాను. ఫోన్ గుర్రుమంది. తెర మీద నా కూతురి పేరు. కింద నేను ఆఖరిసారి పంపిన మాట, తిన్నావా. దాని పైన కొత్తగా ఇలా ఉంది: మీరు అడిగినదానికి జవాబు జతపరిచాము, తెరిచి చూడండి.

ఇస్త్రీపెట్టె దుప్పటి మీదే వదిలేశాను. కాలిన వాసనకి కొట్టు యజమాని పరుగెత్తుకొచ్చాడు. "ఏంటక్కా, దయ్యాన్ని చూసినట్టు అయిపోయావు?" అన్నాడు. చచ్చిపోయినవాళ్ళు ఉత్తరాలు రాయరని మూడో తరగతి చదివినదానికి కూడా తెలుసు. నా కూతురు నన్ను ‘మీరు’ అనదనీ తెలుసు. కానీ అడిగింది నేనే కదా. నేను అడిగినదానికే జవాబు వచ్చింది.

ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కినా అది తెరుచుకోలేదు. కంప్యూటర్లో అయితే తెరుచుకుంటుందేమో అనుకుని రెండు గంటలకి స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళాను. నా కూతురి పక్క కుర్చీలో పనిచేసిన కళ్ళద్దాల అమ్మాయి ఉంది. నన్ను పిన్నీ అని పిలుస్తుంది. వాళ్ళ బల్ల పైన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. మెయిల్‌తో వచ్చిన ఫైలు సరిచూసుకోకుండా తెరవకండి, తెలిసినవారి పేరుతో వచ్చినా సరే, పంపినవారికి ఫోన్ చేసి అడిగాకే తెరవండి అని. ఆ కాగితం టైపు చేసింది నా కూతురే.

ఆ అమ్మాయి నా ఫోన్ చూసి చేతులు వెనక్కి లాక్కుంది.

"పిన్నీ, వద్దు. ఇది ఎవరో దొంగ సచ్చినోళ్ళు పంపింది. తెరిస్తే వైరస్ వస్తుంది."

"దాని పేరు ఉంది కదమ్మా."

"పేరుదేముంది, ఎవరైనా పెట్టుకుంటారు. నా మాట విను."

"మరి నేనడిగింది వాళ్ళకెలా తెలుసు? నాకూ దానికీ తప్ప ఎవరికీ తెలీదే?"

"అయినా వద్దు పిన్నీ. రూలు ప్రకారం పంపినవాళ్ళకి ఫోన్ చేసి అడగాలి" అంది. అనేసి నాలుక కరుచుకుంది.

"చెయ్యి" అన్నాను.

"పిన్నీ..."

"రూలన్నావుగా. చెయ్యి."

నన్ను ఊరుకోబెట్టడానికని బల్ల మీది ఫోన్ తీసి నంబరు నొక్కింది. నా సంచిలో మోగింది. నా కూతురి ఫోన్ నా సంచిలోనే ఉంటుంది, రోజూ ఛార్జింగ్ పెడతాను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ఆ అమ్మాయి చేతిలో రిసీవరు జారిపోయి వైరుకి వేలాడింది. సంచిలో మోగుతూనే ఉంది. నేను తీయలేదు. తీస్తే ఏం వినబడుతుందోనని భయం. ఏమీ వినబడదేమోనని కూడా భయం.

మోగడం ఆగాక ఆ అమ్మాయి కాళ్ళ మీద పడ్డాను. పెద్దదాన్ని, పడకూడదు. పడ్డాను. "ఒక్కసారి తెరువు తల్లీ, చూసి వెళ్ళిపోతాను" అన్నాను. ఆ అమ్మాయి ఏడుస్తూ నా మెయిల్‌ని తన కంప్యూటర్‌కి పంపించుకుని తెరిచింది.

లోపల ఏమీ లేదు. ఖాళీ కాగితం.

కాసేపటికి ఆ తెర నల్లబడింది. తరవాత పక్క గదిలోది. తరవాత లోపలి గదిలోది. ఎవరో నడుచుకుంటూ ఒక్కో దీపమే ఆర్పుకుంటూ వెళ్తున్నట్టు అనిపించింది. బయట రిపోర్టుల కోసం కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. కడుపుతో ఉన్న ఒకావిడ "నా బిడ్డ ఫొటో కూడా పోయిందా?" అని అడిగింది. ఎవరూ చెప్పకపోతే మళ్ళీ అడిగింది. నా బిడ్డ ఫొటో కూడా పోయిందా?

కంప్యూటర్ మెకానిక్ వచ్చి ముందు వైర్లన్నీ పీకేశాడు. విడిగా పెట్టెలో దాచిన పాత కాపీలు దక్కాయి. ఆ వారంవి దక్కలేదు. నా కూతురి మెయిల్‌కి పాస్‌వర్డ్ బొంగరం అనే ఉందట. చుట్టుపక్కల అందరూ పిలిచే పేరునే తాళంగా పెట్టుకుంది, పిచ్చిది. అది పోయాక ఆ మెయిల్‌ని మూయాలని ఎవరికీ తోచలేదు. దొంగలు అందులో దూరారు. వాళ్ళ వైరస్ పాత ఉత్తరాలు వెతికి, ఒక్కోదానికి జవాబు ఇస్తున్నట్టు విషం అంటించి పంపుతుందట.

"దానికి బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ తేడా తెలీదమ్మా" అన్నాడు.

"ఇంకా పంపుతుందా?"

"మూసేదాకా పంపుతూనే ఉంటుంది."

ఆ సాయంత్రమే మా అన్నయ్యకి ఒకటి వచ్చింది. ఎప్పుడో మేనకోడలికి చెప్పిన పుట్టినరోజు దీవెనకి జవాబు. మా అన్నయ్య దేనికీ జంకే మనిషి కాదు. ఫోన్‌ని తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

కళ్ళద్దాల అమ్మాయికి పాస్‌వర్డ్ తెలుసని, కావాలనే చేసిందని సెంటర్ డాక్టరుగారు ఫిర్యాదు ఇచ్చారు. అది నిజం కాదు. ఆ అమ్మాయి వద్దు వద్దంటూనే ఉంది. నేనే వినలేదు. ఉద్యోగం తీసేస్తే ఆ ఇంట్లో సంపాదించేవాళ్ళు ఇంకెవరూ లేరు. శిక్ష ఏదన్నా ఉంటే నాకు వేయండి.

ఇవాళ పొద్దున స్టేషన్ బెంచీ మీద ఆ అమ్మాయి నన్ను అడిగింది. "పిన్నీ, అందులో ఏముంటుందనుకున్నావు?"

"ఆ రోజు తిన్నదో లేదో" అన్నాను.

నోరు తెరుచుకుని నావైపే చూసింది. "తిన్నది పిన్నీ. నా డబ్బా అంతా ఊడ్చేసింది. నాకేం మిగిల్చావే మహాతల్లీ అని తిట్టాను కూడా. ఏడవకే, నీకు ఏదన్నా పట్టుకొస్తానని నవ్వుకుంటూ రోడ్డు మీదకి వెళ్ళింది. నాకోసమే వెళ్ళింది. అందుకే ఇన్నాళ్ళూ నీకు మొహం చూపించలేకపోయాను."

ఆ అమ్మాయి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ మెయిల్ మూసెయ్యమని కాగితం రాసిచ్చాను. మూసేముందు తిన్నా అన్న జవాబులన్నీ ప్రింటు తీసి ఇస్తామన్నారు. మీ ఇళ్ళలో ఎవరన్నా పోతే వాళ్ళ మెయిల్ మూయించండి. మనసు లాగేసే ఉత్తరం వస్తే ముందు దాన్నే అనుమానించండి. పక్కన మనిషి ఉంటే మనిషిని అడగండి.

పైదంతా నేను చూసినది, నేను చేసినది. ఒకరు చెప్పి రాయించలేదు. రైటరుగారు చదివి వినిపించారు, నేను రాసినట్టే ఉంది. ఇస్త్రీపెట్టె పట్టీ పట్టీ గీతలు అరిగి వేలిముద్ర సరిగా పడలేదు. అందుకని పక్కన సంతకం కూడా పెట్టాను. అది నా కూతురు నేర్పిన సంతకం.

ఆ అమ్మాయి పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా బెంచీ మీదే కూర్చుని ఉంది. ఇంటికి పంపించండి. ఇది చదివే అయ్యగారూ, మీరు కూడా వేళ దాటనివ్వకండి. కడుపునిండా అన్నం తినండి.