కాజా లేని గుండీ

కుట్టు, కుట్టు, నీ పని నువ్వు చేసుకో, నేనేదో వాగుతూ ఉంటా. అదేంటి, మా పెద్దన్నయ్య గురించి మీ తాత ఎప్పుడూ చెప్పలేదా నీకు? వాడేం చెప్తాడులే. అన్నయ్య మాటెత్తితే చాలు, లేచి బయటికి పోయేవాడు. మా అన్నయ్య కుట్టిన చొక్కా తొడుక్కుంటే ఒంటి మీదే పుట్టిందా అన్నట్టుండేదే అమ్మడూ. నోరు మాత్రం, అబ్బో, కత్తెరే! అయినా ఆదివారం సాయంత్రం కొట్టు తలుపు సగం వేసి ఏదో ఒకటి చదివి వినిపించేవాడు. నేనూ, వదినా, పక్క కొట్టు గడియారాలాయనా, ఎక్కడ చోటుంటే అక్కడ, బట్టల మూటల మీద కూడా కూర్చునేవాళ్ళం. అన్నిట్లోకీ హెబ్రీ వాళ్ళ పాత లేఖనాల్లో చేప కడుపులో పడ్డ ప్రవక్త కథంటే అన్నయ్యకి ప్రాణం. ఎంతో ఉండదు, నాలుగు పేజీలుంటుందేమో. "చేపని చూసి నోరు తెరవకండి, కథ కుట్టిన తీరు చూడండి" అని, చేతిలో ఉన్న చొక్కా బల్ల మీద పరిచేవాడు. "ఇదిగో, ఈ పక్క గుండీలు, ఆ పక్క కాజాలు. ఈ పక్క దేవుడు ఫలానా పాపిష్టి ఊరికి పోయి హెచ్చరించు అంటాడు, ఈయన ఓడెక్కి పారిపోతాడు. ఆ పక్క మళ్ళీ అదే మాట, ఈసారి పోతాడు. ఈ పక్క పరాయి ఓడవాళ్ళు దణ్ణం పెడతారు, ఆ పక్క పరాయి ఊరివాళ్ళు. తనని క్షమిస్తే చేప కడుపులో కూర్చుని పాట పాడతాడు. ఊరిని క్షమిస్తే మూతి ముడుచుకుని చచ్చిపోతానంటాడు. మనిషి ఒకడే, చూశారా!" అని పగలబడి నవ్వేవాడు. చివర్లో దేవుడు ఆయన్ని, ఇంత పెద్ద ఊరి మీద నేను జాలిపడకూడదా అని అడుగుతాడట. అంతే, పుస్తకం అయిపోయింది. గడియారాలాయన ప్రతిసారీ, కావాలనే, "మరి ఆయనేమన్నాడయ్యా?" అనేవాడు. "రాయలేదు. అన్నిటికీ కాజా ఉంది, ఈ ఆఖరి గుండీకి లేదు. విన్నవాడే కుట్టుకోవాలి" అనేవాడు మా అన్నయ్య.

ఏం చెప్తున్నా? ఆఁ, మీ తాత. అన్నయ్య పని నేర్చుకునే రోజుల్లో పెళ్ళికొడుకు కోటు గుడ్డ తప్పుగా కత్తిరించేస్తే, వాళ్ళ మాస్టరు ఒక్క మాట అనకుండా "కూర్చో, మళ్ళీ కత్తిరించు" అన్నాడట. ఆ మాస్టర్ని తలుచుకోని రోజు లేదు. అలాంటివాడు సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి రాయి. కొట్లో అన్నయ్య పక్కనే కూర్చుని కుట్టే మీ తాత, ఓ రోజు వేడి ఇస్త్రీ పెట్టె గుడ్డ మీదే వదిలేసి కబుర్లకి పోయాడు, కొట్టు తగలబడింది. తప్పే, కాదనను. "నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నాడు అన్నయ్య. ఏళ్ళు గడిచిపోయాయి. కొత్త కొట్టు పెట్టాడు, రెండో మిషనూ కొన్నాడు, దాని మీద ముసుగు మాత్రం తియ్యలేదు. వాణ్ణి పిలవమని నేనంటే, "నీకేం తెలుసు, నోర్మూసుకో." నాకు ఒళ్ళు మండిపోయేది. ఇద్దరూ నా తోడబుట్టినవాళ్ళే కదే!

ఓ ఆదివారం అదే కథ చదువుతున్నాడు. సగం తలుపు బయట మీ తాత. చిక్కిపోయాడు, చేతిలో చిన్న సంచి. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడి వింటున్నాడు. అన్నయ్య చూశాడు. చూసి, చదువుతూనే ఉన్నాడు. మూతి ముడుచుకునే చోట ఎప్పుడూ నవ్వేవాడు, ఆ రోజు నవ్వలేదు. ఆఖరి ప్రశ్న చదివాడు. గడియారాలాయన తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు, పాపం, ఏమీ తెలీదు. అలవాటు కొద్దీ "మరి ఆయనేమన్నాడయ్యా?" అన్నాడు. అన్నయ్య కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. లేచాడు. అన్నంత పనీ చేస్తాడేమోనని నేనూ లేచా. బల్ల మీద పరిచిన చొక్కా తీసుకుని గడప దాకా వెళ్ళి మీ తాత చేతిలో పెట్టాడు. "ఆఖరి కాజా మిగిలింది. లోపలికొచ్చి కుట్టు" అన్నాడు.

వదిన గబగబా వెళ్ళి రెండో మిషను ముసుగు లాగేసింది. మీ తాత దాని ముందు కూర్చుని, కాజా కుట్టే చేతి సూది అందుకున్నాడు. సూదిలో దారం ఎక్కదే! కళ్ళనిండా నీళ్ళు. అన్నయ్యే సూది తీసుకుని, దారం ఎక్కించి...

లైటు వెయ్యవే. చీకట్లో ఏం కుడతావు.