వావిలాకు అని చెప్పి ఇచ్చిన రెమ్మ

నా పేరు, మా నాన్నగారి పేరు పై గడిలో రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పను. వయసు ఇరవై మూడు. రెండో సెమిస్టరు విద్యార్థిని. సాయంత్రాలు బట్టల లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తాను. ఈ వాంగ్మూలం తెలుగులో చెప్పుకుంటానంటే అధికారిగారు ఒప్పుకున్నారు. దుబాసీగారు రాస్తున్నారు. నేను గబగబా మాట్లాడతాను, ఆయన్ని క్షమించమంటున్నాను.

నేనూ అక్కా ఒకే గదిలో ఉంటాం. తోడబుట్టింది కాదు, పరిశోధన చేస్తున్న సీనియరు. నేను ఈ దేశంలో దిగిన రోజు విమానాశ్రయానికి పెరుగన్నం డబ్బాతో వచ్చిన మనిషి.

ఆదివారం వినాయకచవితి. శనివారం అక్కకి జ్వరం, ఒళ్ళునొప్పులు. మంచం దిగలేదు. పడుకునే పత్రి లెక్క చూసింది. ఇరవై ఒక్క రకాలకి మాకు దొరికినవి తొమ్మిది. అందులో గరిక అని చెప్పుకుంటున్నది ఆటస్థలంలో గడ్డి.

"లేనివాటికి అక్షింతలు వేద్దాంలే. దేవుడేం పద్దు రాసుకోడు," అంది. దుప్పటి పైకి లాక్కుంటూ, "వావిలాకు దొరికితే బాగుండునే. ఒళ్ళునొప్పులకి మా అమ్మమ్మ కాచి ఇచ్చేది," అంది.

అక్షింతలు చాలని ఆమే చెప్పింది. అయినా వెళ్ళాను.

సాయంత్రం నాలుగున్నరకి యూనివర్సిటీ మొక్కల తోటలో, గాజు గది వెనక, కంచె కట్టిన చోటికి దూరాను. ముట్టుకోవద్దని బోర్డుంది. ఒక పొద ఆకు అయిదు వేళ్ళుగా చీలి అచ్చం వావిలిలా కనిపించింది. కింద పేరు రాసిన రేకుంది. చదివాను. వావిలి కాదు. అయినా రెమ్మ తుంచి స్వెట్టర్‌లో దాచుకున్నాను.

"దొరికిందా?" అని అక్క లేచి కూర్చుంది.

"దొరికిందక్కా. వావిలే."

"ఘటికురాలివే నువ్వు!" అంది. ఆ మాట కోసమే తెచ్చాను. ఇంకే కారణమూ లేదు.

ఆదివారం తొమ్మిదింటికి పూజ చేశాం. రైస్ కుక్కర్‌లో ఉండ్రాళ్ళు వండాం. సాయంత్రం మట్టి వినాయకుణ్ణి బకెట్లో నిమజ్జనం చేసేముందు అక్క ఆ రెమ్మ తీసి పక్కన పెట్టుకుంది. "పత్రిలో ప్రతి ఆకూ మందేనే," అంది. అప్పుడైనా చెప్పాల్సింది. చేతిలో ఉండ్రాయి ఉంది, తింటూ ఊరుకున్నాను. మర్చిపోతుందిలే అనుకున్నాను.

సోమవారం ఉదయం ఏడూ పదికి నేను స్నానం చేసి వచ్చేసరికి అక్క కషాయం తాగేసింది. "చేదు విషంలా ఉంది, తప్పక పనిచేస్తుంది," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఏడూ యాభైకి వాంతులు మొదలయ్యాయి. ఒక్క మనిషిని ఇద్దరుగా చూస్తున్నానంది. అంబులెన్సుకి ఫోన్ చేశాను.

వాళ్ళు వచ్చేలోపు కషాయం గిన్నె కడిగాను. గ్లాసు కడిగాను. పిప్పి కవర్లో కట్టి కింద చెత్త డబ్బాలో పడేశాను. అక్క నేలమీద పడి ఉంది, నేను గిన్నె కడుగుతున్నాను. గీత పడుతుందని మెత్తటి పీచుతో కడిగాను.

ఎందుకంటే ఉగాదినాడు గదిలో దీపం పెట్టి పొగ అలారం మోగించినందుకు, ఇంకో తప్పు జరిగితే సీటు తీసేస్తామని యూనివర్సిటీవాళ్ళు నాకు ఉత్తరం ఇచ్చారు. తోటలో దొంగతనం రెండో తప్పు అవుతుంది.

తొమ్మిదింటికి ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఏం తిన్నది, ఏం తాగింది?" అని అడిగారు. జ్వరం మాత్ర అన్నాను. పదిన్నరకి మళ్ళీ అడిగారు. మాత్ర అన్నాను. అక్కకి అప్పటికి ముక్కులో గొట్టం పెట్టారు. ఒంటిగంటా నలభైకి, అక్కకి ఊపిరి అందడం లేదని డాక్టరమ్మ లోపలికి పరిగెత్తుతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాను. రేకు మీది పేరు కూడా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "పొద్దున్నే చెప్పి ఉంటే," అని ఆపేసి వెళ్ళిపోయారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాను.

అక్క బతికింది. నిన్న మాట వచ్చింది. చూపు ఇంకా కుదురుకోలేదు, అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయట. వచ్చే నెల ఆమె పరిశోధన పత్రం ఇవ్వాలి.

ఆకులు తనే కోశానని, గిన్నె కూడా తనే కడిగానని అక్క నిన్న తమకు చెప్పిందని అధికారిగారు అన్నారు. పరిగెత్తుకుంటూ ఆమె దగ్గరికి వెళ్ళాను. "ఎందుకక్కా?" అంటే, "నా చదువు ఎలాగూ ఆగిందే. నీదైనా మిగలనీ. నోరు మూసుకుని పరీక్షలు రాసుకో," అంది. నావైపు చూస్తున్నాననుకుని గోడవైపు చూస్తూ అంది.

శనివారం ఆమె మంచం దిగలేదు. సోమవారం గిన్నె కడిగే స్థితిలో లేదు. ఆమె చెప్పింది కొట్టేసి నాది ఉంచండి. సీటు పోతే పోనివ్వండి.

నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. దుబాసీగారు మొత్తం చదివి వినిపించారు. ఆయన జాలిపడి ఒకచోట "వావిలి కాదని తెలియక ఇచ్చాను" అని రాశారు. అది కొట్టించి "తెలిసే ఇచ్చాను" అని రాయించాను. ఆ దిద్దుబాటు పక్కన ఒకటి, అడుగున ఒకటి, రెండు సంతకాలూ నావే.

(సంతకం)