బంక పూసిన పాయ

పేము కుర్చీల దుకాణంలో అల్లే ఆవిడ, అల్లిక తెగిన కుర్చీని తిరగేసి చూస్తోంది. తెచ్చినాయన రిటైరైన భూగోళం మాస్టారు.

“ఈ పేము పాయకి బంక పూసిన మహానుభావుడెవరు?”

“నేనే. ముప్పై ఏళ్లు నదీపాయల పాఠం చెప్పినవాణ్ణి. నాకే పాయ గురించి చెప్తావా?”

“మీ పాయలు బోర్డు మీద సుద్దగీతలు మాస్టారూ. వీటి మీద మనిషి కూర్చోవాలి. కొత్త పేము నానబెట్టి అల్లాలిగానీ, ఎండుముక్కని అతికిస్తే ఆగుతుందా?”

“వారం ఆగింది.”

“తర్వాత?”

“మా ఆవిడ పడింది, తుంటి విరిగింది. రేపు ఆస్పత్రి నుంచి వస్తోంది. నేను బంక పూసిన సంగతి తనకి తెలీదు.”

“మరేం చెప్పారు?”

“నీ బరువుకే తెగిందన్నాను.”

“కుర్చీ అల్లి నేనే తెస్తాను. ఈ బంకముక్క అమ్మగారి చేతికిస్తాను. ఎవరి బరువుకి తెగిందో ఆవిడే తేల్చుకుంటారు.”