జీతానికి ఆడిన ఆట

ఆ రోజు ఒక ఆఫీసరు చేతిలో దరియావలిని కావాలని ఓడిపొమ్మన్నది మాలకొండయ్యే. బిట్రగుంట దగ్గర ఒక క్లబ్బులో జీతానికి టెన్నిస్ ఆడిన దరియావలి, ఆట మానేసి నాలుగేళ్లయింది. ఆ క్లబ్బు సెక్రటరీ మాలకొండయ్య పందొమ్మిది వందల అరవై రెండులో మళ్ళీ అతని గుమ్మం ముందుకు వచ్చాడు.

"ఒక్క ఆటకు రా అన్నా. మద్రాసు నుంచి పెద్ద ఆటగాడు వస్తా ఉండాడు. నువ్వు తప్ప వాడికి ఎదురు నిలిచేవాడు లేడు."

"ఈసారి గెలవాల్నా, ఓడాల్నా?"

"గెలవాల. క్లబ్బు పరువన్నా."

"పోయినసారి ఆఫీసరు పరువన్నావే."

"జీతానికి ఆడే ఉద్యోగం అట్టాంటిది. గెలవాలని నీకు మాత్రం లేదా?"

"ఉంది. ఇప్పటికీ బంతి చప్పుడు వింటే చెయ్యి లేస్తాది. అందుకే ఆ దోవన పోను."

"మరింకేం?"

"నా ఆట చూడాలని మా ఇంటిది రషీదా ఆ ఒక్కనాడే వచ్చింది. ఇంటికొచ్చినాక, నీకు ఆడటం రాదా అనింది."

"కావాలనే ఓడినానని చెప్పుండొచ్చు గదా."

"చెప్పినా. ఓడినోళ్ళంతా అదే చెప్తారని నవ్వింది. ఆ ఏడే పోయింది."

మాలకొండయ్య గొంతు తగ్గించాడు.

"వదిన కోసమైనా గెలువన్నా."

"చూసేదానికి ఆమె లేదు. ఇంక ఈ ఆట మాట నేనెత్తను. నువ్వెత్తితే నా వాకిలి తొక్కొద్దు."