ఆ ట్యూబులో ఉమ్మి ఎవరిది

అధ్యక్షులు డాక్టర్ నోస్వర్దీ గారికి, పాస్టరు గారికి, పెద్దలకు, క్లినిక్కులో ఇన్నేళ్ళు నాతో వేగిన మిత్రులకు, ఈ గానెట్ కోవ్ ఊళ్ళో నా ఎదుట కూర్చుని ఒక్కసారైనా ఉమ్మిన ప్రతి ఒక్కరికీ నమస్కారం. (నవ్వులు) నవ్వకండి, ఈ హాల్లో సగం మంది ఆ కోవలోకే వస్తారు, ఎవరెంతసేపు తీసుకున్నారో కూడా నాకు గుర్తుంది.

డాక్టరు గారు నా గురించి చాలా గొప్పగా చెప్పారు. వింటున్నంతసేపూ, ఆ మనిషెవరో నాకూ ఒకసారి పరిచయం చేస్తే బాగుండుననుకున్నాను. వీడ్కోలుకని మీరిచ్చిన ఈ ఫలకం మీద 'ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క నమూనా కూడా తిరిగి రాలేదు' అని చెక్కించారు. పొద్దున దీన్ని చూసిన దగ్గర్నుంచి నాకేమీ పాలుపోవడం లేదు. ఎందుకంటే, ఒకటి తిరిగి వచ్చింది డాక్టరు గారూ. తప్పు నాదే. ఆ తప్పుకు సిగ్గుపడాలో, దండం పెట్టుకోవాలో నాలుగేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను. ఈ సంగతి మీ ముందు చెప్పడానికి వెర్నా పార్డీ ఒప్పుకుంది. అదుగో, వంటగది తలుపు దగ్గర తల దించుకుని కూర్చుంది. తల ఎత్తు తల్లీ, నిన్నేమీ అనను.

వంశంలో వచ్చే జబ్బుల పరీక్షకు ఉమ్మి పట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఎగతాళి చేసేవాడు. చేసి చూస్తే తెలిసేది. అరగంట ముందు నుంచి టీ తాగకూడదు, సిగరెట్టు ముట్టకూడదు, చూయింగ్ గమ్ నమలకూడదు. గొంతులోంచి ఖాకరించి తెచ్చే కళ్ళె పనికిరాదు, నోట్లో దానంతటదే ఊరిన ఉమ్మి కావాలి. ట్యూబు మీది గీత దాకా రావాలి, పైన తేలే నురుగు లెక్కలోకి రాదు. ఈ నురుగు దగ్గరే మగవాళ్ళందరూ నాతో పోట్లాడేవాళ్ళు. నిండింది కదా అని వాళ్ళు, అది గాలి నాయనా అని నేను. నోరు ఎండిపోయినవాళ్ళకు ఆదివారం భోజనం వర్ణించి చెప్పేదాన్ని, ఉప్పు మాంసంతో కలిపి ఉడికిన క్యాబేజీ, దాని పక్కన బఠాణీ పప్పు ముద్ద అంటూ. పాస్టరు గారికైతే మాంసం దాకా కూడా వెళ్ళనక్కర్లేకపోయింది, జామ్ అనేసరికే గీత దాటింది. (నవ్వులు)

ఇక ఎల్డన్ పార్డీ సంగతి. అతని తమ్ముడు సిరిల్ నలభై నాలుగేళ్ళకే, వల లాగుతూ లాగుతూ పడవలోనే పోయాడు. మన తీరంలో కొన్ని కుటుంబాల్లో వస్తున్న గుండె జబ్బు అదని తర్వాత తేలింది. పుట్టుకతోనే ఉంటుంది, పైకి ఏమీ తెలియదు, ఉన్నట్టుండి గుండె ఆగిపోతుంది. అందుకని ఎల్డన్ ఉమ్మి కూడా సెయింట్ జాన్స్ పట్నంలోని ల్యాబుకు పంపమన్నారు. నేను వాళ్ళింటికే వెళ్ళాను. అతను వేసుకునే మాత్రలకు నోరు ఎండిపోయింది, దానికి తోడు సిగ్గొకటి. పెళ్ళాం ముందు తప్ప ఇంకో ఆడమనిషి ముందు ఉమ్మలేడట. "మిల్డ్రెడక్కా, నువ్వు కాస్త అవతలికి పోవా" అన్నాడు. ఎదురుగా కూర్చుని కళ్ళారా చూడాలన్నది మా పనిలో మొదటి నియమం. నేను మర్యాదకు పోయి వసారాలో నిలబడ్డాను. పావుగంటకు పిలిచారు. వెళ్ళి చూస్తే గీత దాకా నిండి ఉంది. భేష్ అని మూత బిగించి, ఊపి, పైన ఎల్డన్ పేరు రాసుకుని వచ్చేశాను.

నెలకు ఉత్తరం వచ్చింది. ఇందులో ఇద్దరి ఉమ్మి కలిసింది, మళ్ళీ పంపండి అని. ఈసారి ఎదురుగానే కూర్చున్నాను. పాపం, ఎల్డన్ గోడకేసి చూస్తూ నలభై నిమిషాలు కష్టపడ్డాడు. అతనికి జబ్బు లేదని వచ్చింది. ఆ మంచి కబురు చెప్పడానికి కోటు తొడుక్కుంటూ ఉండగా ల్యాబు నుంచి ఫోను. మొదటి ట్యూబులో జబ్బు జాడ ఉంది, అది ఎల్డన్‌ది కానప్పుడు ఆ రెండో మనిషిదే అయి ఉండాలి, ఎవరా మనిషి అని అడిగారు.

ఆ ఇంట్లో ఉండేదే ఇద్దరు. నేను వెళ్ళేసరికి అతని భార్య వెర్నా పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అడగగానే ముఖం కందిపోయింది. "నాదే అక్కా. ఆయన సగానికే అలిసిపోయాడు. ముప్పై ఏళ్ళుగా ఒకే కప్పులో టీ తాగుతున్నాం, ఎవరిదైతే ఏముందిలే అని నేనే నింపేశాను. నీ ఉద్యోగానికేమీ ముప్పు రాదు కదా?"

చూడండి, ఆమె అడిగింది నా ఉద్యోగం గురించి. వెర్నా పుట్టిల్లు అఖాతానికి అవతలి ఒడ్డు, జబ్బున్న కుటుంబాల జాబితాలో వాళ్ళ ఇంటిపేరే లేదు. వాళ్ళ నాన్న రేవు మీద నుంచి జారి నీళ్ళలో పడి పోయాడన్నారు. పడి పోయాడా, పోయి పడ్డాడా అని ఎవరూ అడగలేదు. టీ తాగి ఎంతసేపైందో కనుక్కుని, అరగంట ఆగి, ఆమె చేతికి ఇంకో ట్యూబు ఇచ్చాను. రెండు నిమిషాల్లో నింపేసింది.

జబ్బు ఆమెకే ఉందని తేలింది, గుండె పక్కన చిన్న యంత్రం పెట్టారు. కిందటి అక్టోబరులో ఇదే హాల్లో, బింగో ఆడుతూ ఆడుతూ వెర్నా కుర్చీలో ఒరిగిపోతే, ఆగిన గుండెను ఆ యంత్రమే తన్ని లేపింది. మీరందరూ చూశారు.

ట్రూడీ, రేపటి నుంచి నా కుర్చీ నీది. నీకేం చెప్పాలో నాకు తెలియడం లేదు. నేను ఎదురుగా కూర్చుని ఉంటే వెర్నా ఈ రోజు మన మధ్య ఉండేది కాదు. అలాగని వసారాలో నిలబడమని చెప్పలేను కదా? ఇద్దరిది కలిస్తే ల్యాబువాళ్ళు పట్టుకుంటారు సరే, ఒకరి ట్యూబు ఇంకొకరు మొత్తంగా నింపి ఇస్తే? మర్యాద కోసం నేను మొహం తిప్పుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మీలో ఎవరైనా అలా సాయం చేసుకుని ఉంటే, దయచేసి వచ్చి మళ్ళీ ఉమ్మండి. ఎవరూ ఏమీ అనరు.

ఇంకొక్క మాట. ఆసుపత్రి మంచం మీద నుంచి వెర్నా నన్ను అడిగింది, "మరి నీది ఇచ్చావా అక్కా?" అని. ఇచ్చానన్నాను. అబద్ధం. మా నాన్న నలభై ఆరేళ్ళకు కట్టెలు కొడుతూ మంచులో ఒరిగిపోయాడు, చలి కొట్టిందన్నారు. నాకు ఉందని తేలితే నా కొడుకు జెరార్డ్‌కీ ఉండొచ్చు. వాడు పీతల పడవ మీద పనిచేస్తాడు. ఖాళీ ట్యూబు మూడుసార్లు ఇంటికి పట్టుకెళ్ళి, మూడుసార్లూ అలాగే తెచ్చి అలమారలో పెట్టేశాను. ఊరందరికీ భయపడొద్దని చెప్పినదాన్ని, ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోయాను. తెలుసుకోవాలని ఉందో లేదో ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు. అర్థం కాకపోయినా వస్తాను. ట్రూడీ, రేపు పొద్దున తొమ్మిదింటికి మొదటి పేరు నాది రాసుకో. అవతలికి వెళ్ళమని నిన్ను బతిమాలతాను, వెళ్ళకు.

ఇన్నేళ్ళు నన్ను నమ్మి నోరు తెరిచిన మీ అందరికీ కృతజ్ఞతలు. జెరార్డ్, నువ్వు తలుపు వైపు చూడకు నాన్నా. రెండో పేరు నీది.

సెలవు.