సెట్లో ఆరో కప్పు

రిటైరయ్యే రోజు సొరుగు ఖాళీ చేస్తుంటే కంటి డాక్టరుగారి చేతికి పాత కాఫీ కప్పొకటి తగిలింది. వీడ్కోలు చెప్పడానికొచ్చి ఎదురుగా కూర్చున్నావిడ రెప్ప మీది సన్నని మచ్చకేసి ఆయన మురిపెంగా చూశారు.

"నీకప్పుడు ఆరేళ్లు. రెప్పలో పెన్సిల్ దిగబడి వచ్చావు."

"నాకు గుర్తున్నది మీ కేకలే డాక్టర్‌గారూ. 'కంటి మీద కప్పు బోర్లించి కట్టిందెవరు?' అన్నారు. అమ్మ వణికిపోయింది."

"అయ్యో, అది మెచ్చుకోలమ్మా! అందరూ కంగారులో గుచ్చుకున్నదాన్ని పీకేసి తెస్తారు. పీకి ఉంటే నీ కన్ను దక్కేది కాదు."

"నాన్న పెన్సిల్ లాగబోతే అమ్మ చేతి మీద ఒక్కటేసిందట. నేను నలుపుకోకుండా, తాగుతున్న కాఫీ పారబోసి ఆ కప్పే కట్టింది."

"ముప్పై ఏళ్లుగా కొత్త నర్సులందరికీ ఈ కప్పు చూపించే పాఠం చెప్పాను. ఆ మాట ఆవిడకి తెలుసా?"

"ఎక్కడ? తప్పు చేశాననే ఇప్పటికీ కుమిలిపోతుంది. మళ్లీ మీ గడప తొక్కిందా? చెకప్‌కి ఎప్పుడూ నాన్నే కదా తీసుకొచ్చేది! సెట్లో కప్పు తగ్గిందని మాత్రం నన్ను సాధిస్తూనే ఉంటుంది."

డాక్టరుగారు కప్పు తుడిచి కోటు జేబులో పెట్టుకున్నారు.

"పద, నేనే తెచ్చిస్తాను. కాఫీ మాత్రం ఇందులోనే పోయమను."